రోడ్డుకీ కంచెకీ మధ్య

ఆయన్ని సైట్లో అందరూ బొంగరం అనేవాళ్ళు. ప్రొక్లెయిన్ ఎక్కితే యంత్రం తిరిగేది, దిగితే ఆయన తిరిగేవాడు. టీ గ్లాసు పట్టుకుని ఒకచోట నిలబడి తాగడం ఎవరూ చూడలేదు. నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు, మధ్యలో ఓ గుక్క. భోజనం చేస్తూ కూడా రెండుసార్లు లేస్తాడని, ఒకసారి మంచినీళ్ళకైతే రెండోది దేనికో ఆయనకే తెలీదని వాళ్ళావిడ చెప్పేది. నేను కలిసేనాటికి ఆయనకి యాభై ఒకటి. రోడ్ల కోసం మట్టి తవ్వడంలో ఇరవై ఆరేళ్ళ అనుభవం.

నేను పురావస్తు సర్వే బృందంలో పటాలు గీసేవాణ్ణి. కొత్త హైవే వెయ్యబోయే ముందు ఆ దారి పొడుగునా నేల కింద పాతకాలపువేమైనా ఉన్నాయేమో వెతికి, ఉంటే జాగ్రత్తగా తవ్వి, కొలిచి, రాసిపెట్టడం మా పని. మా వెనకే రోడ్డు వాళ్ళు వస్తారు. వాళ్ళొచ్చాక ఇక చూడ్డానికేమీ మిగలదు. అందుకని ఎప్పుడూ ఎవరో వెనకనించి తరుముతున్నట్టే ఉంటుంది మా బతుకు. ఆ ఏడు మాకిచ్చింది పద్నాలుగు కిలోమీటర్లు, ఏడు వారాలు. మా బృందానికి పెద్ద మేడమ్. యాభై దాటిన మనిషి. ఎండకి రంగు పోయిన టోపీ, మోకాళ్ళ దగ్గర అతుకులేసుకున్న ప్యాంటు. ఆవిడ మాట తక్కువ, చూపు ఎక్కువ. రోడ్డు కంపెనీ తన యంత్రాన్నీ, దాంతోపాటు బొంగరాన్నీ మాకు అప్పజెప్పింది.

మొదటిరోజే పేచీ వచ్చింది.

"ఈ బకెట్ మార్చాలి. పళ్ళున్నది పనికిరాదు. అంచు నున్నగా ఉండేది కావాలి" అంది మేడమ్.

"పళ్ళు లేకపోతే ఎలా తవ్వుతుందండీ?"

"తవ్వొద్దు. గీకితే చాలు." ఆవిడ రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించింది. "ఒక్కోసారి ఇంత మందం. నేను బకెట్ పక్కనే నడుస్తాను. చెయ్యెత్తితే ఆపెయ్యండి."

బొంగరం కేబిన్లోంచి కిందికి చూశాడు. "మేడమ్, నేను కొండలు తవ్వినవాణ్ణి. మీరు నాచేత గడ్డం గీయిస్తున్నారు."

"గాటు పడకుండా గీస్తే అంతే చాలు" అంది ఆవిడ నవ్వకుండా.

గీయడం మొదలైంది. రెండు వేళ్ళ మట్టి తీస్తే మేడమ్ చెయ్యెత్తేది. ఒంగుని చూసేది, తాపీతో చిన్నగా గోకేది, "ఊ, పదండి" అనేది. మళ్ళీ రెండు వేళ్ళు. బొంగరానికి ప్రాణం పోతున్నట్టుండేది. ఆమె చూస్తున్నంతసేపూ స్టీరింగ్ కడ్డీల మీద వేళ్ళతో టకటక కొట్టేవాడు. సీట్లోంచి సగం లేచేవాడు, కూర్చునేవాడు. మధ్యాహ్నానికి నా దగ్గరకొచ్చి, "ఏమయ్యా, మీ మేడమ్ ఏదైనా ఉంగరం గింగరం పోగొట్టుకుందా?" అనడిగాడు.

అలా ఎనిమిది రోజులు. దొరికింది పాత ఇనపమేకులు, ఒక గేదె దవడ, ఎవరిదో చెప్పు. తొమ్మిదోరోజు పొద్దున పసుపచ్చ మట్టిలో నల్లగా ఒక గుండ్రం కనిపించింది. పళ్ళెమంత. మేడమ్ చెయ్యెత్తింది. ఇంకాస్త గీకితే ఇంకొకటి. తర్వాత ఇంకొకటి.

"ఇవేంటండీ?" అన్నాడు బొంగరం పైనుంచి.

"గుంజలు పాతిన గుంతలు. కర్ర కుళ్ళి మట్టైపోయింది. కానీ ఆ మట్టి రంగు వేరుగా ఉండిపోతుంది. ఇక్కడెవరో ఇల్లు కట్టుకున్నారు. రెండువేల ఏళ్ళ కిందటి మాట కావచ్చు."

 ఆ పూటంతా బొంగరం యంత్రం నడిపిన తీరే మారిపోయింది. మేడమ్ చెయ్యెత్తకముందే ఆగేవాడు. సాయంత్రానికి మేము కిందనుంచి ఆ గుండ్రాలు ఒకే వరసనుకుని తాడు కడుతుంటే, ఆయన కేబిన్ మెట్టు మీద నిలబడి, "కాదు మేడమ్, అది తిరుగుతోంది" అని కేకేశాడు. "వంకర తిరిగి ఇటొస్తోంది. గుండ్రటిల్లు!" మేడమ్ మెట్టెక్కి ఆయన పక్కన నిలబడి చూసింది. నిజమే. మాకు నేలమీదనుంచి కనపడనిది ఆయనకి పైనుంచి కనపడింది. ఆవిడ ఆయన భుజం తట్టి దిగింది. అది మెచ్చుకోవడమని మా బృందంలో అందరికీ తెలుసు.

సంతోషపడాల్సిన మనిషి, ఆ సాయంత్రం బండి తాళాలు ఇచ్చేటప్పుడు మొహం పాలిపోయి ఉన్నాడు. ఒంట్లో బాగాలేదా అంటే లేదన్నాడు. మర్నాడు కూడా అంతే. పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేశాడు. కానీ ఖాళీ దొరికితే చాలు, కాలు కాలిన పిల్లిలా ఆ గుండ్రాల చుట్టూ తిరిగేవాడు. మేడమ్‌ని ఏదో అడగబోయి మానేసేవాడు.

సంగతేంటో తర్వాత ఆయనే చెప్పాడు.

పదహారేళ్ళ కిందట, మా పద్నాలుగో కిలోమీటరు వెళ్ళి కలిసే పాత బైపాస్ రోడ్డు వేస్తున్నప్పుడు, దారికడ్డంగా ఒక దిబ్బ ఉండేది. దాన్ని కోసి చదును చెయ్యడం ఆయన పని. ఒక పొద్దున బకెట్ దిగగానే ఎర్రగా కాలిన మట్టి వచ్చింది. దాని కింద ఇలాంటివే నల్ల గుండ్రాలు. ఇంకాస్త కిందికి పోతే వరసగా పెద్దపెద్ద జాడీల మూతులు, నిలువునా భూమిలో పాతినవి, మనిషి నడుమెత్తువి. ఆయన యంత్రం ఆపేశాడు. దిగి చూశాడు. సెక్షన్ సూపర్‌వైజర్‌ని పిలిచాడు. ఆ సూపర్‌వైజర్ ఎవరో కాదు, ఆయన బావే. వాళ్ళావిడకి స్వయానా అన్నయ్య. ఆ ఉద్యోగం ఇప్పించిందీ అతనే.

బావ వచ్చి ఒక పెంకుని బూటుకాలితో దొర్లించి చూసి, "కుండపెంకులు. ఎక్కడ తవ్వినా ఇవే. కానియ్" అన్నాడు.

బొంగరం మళ్ళీ కేబిన్ ఎక్కాడు. మధ్యాహ్నం భోజనాలవేళకి దిబ్బ లేదు. టిప్పర్లలో వెళ్ళి వంతెన దగ్గర కట్టలో కలిసిపోయింది. ఆ తర్వాత ఆ సంగతి ఆయనకి ఒక్కసారైనా గుర్తురాలేదట. రోడ్డు పనిలో ఒక రోజు, అంతే. ఇప్పుడు మేడమ్ గుంజల గుంతలని చెప్పిన క్షణం నుంచీ మాత్రం ఆ మూతులు కళ్ళముందునుంచి కదలడం లేదు.

ఆదివారం సెలవు. బొంగరం ఇంట్లో ఏం చెప్పకుండా బస్సెక్కి బైపాస్ దగ్గర దిగాడు. లారీలు చెవులు చిల్లులుపడేలా పోతున్నాయి. రోడ్డు పక్కన గడ్డిలో నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ నడిచాడు. గస్తీ బండి ఒకటి ఆగి, "ఏం పెద్దాయనా, ఏం పోయింది?" అనడిగితే, "ఏం పోలేదు, ఊరికే చూస్తున్నా" అన్నాడు. "రోడ్డు మీద చూసేదేముంది, బస్సెక్కండి" అని వాళ్ళు దగ్గరుండి మరీ బస్సెక్కించారు. అయితే ఎక్కేముందు ఆయన ఒకటి చూశాడు. రోడ్డు అంచుకీ ముళ్ళకంచెకీ మధ్య ఏడు మీటర్ల వెడల్పున నేల అలాగే ఉంది. ఆ నేల మీద ఎర్రరంగు పూసిన కొత్త గూటాలు పాతి ఉన్నాయి. బైపాస్‌ని వెడల్పు చెయ్యబోతున్నారు. ఆ ముక్క కూడా మా పద్నాలుగో కిలోమీటర్లోదే.

సోమవారం పొద్దున్నే నా దగ్గరున్న పటం అడిగి తీసుకుని చూశాడు. ఆ ముక్క మీద అడ్డగీతలు కొట్టి "ఇదివరకే తవ్విన నేల, చూడక్కర్లేదు" అని రాసుంది. ఆయన ఆ మాటల మీద వేలుపెట్టి రెండుసార్లు చదివాడు. పటం మడత పెట్టకుండానే నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వాళ్ళావిడకి చెప్పాడు. ఆవిడ ముందుగదిలో బట్టలు కుడుతుంది. గది నిండా కొలత కాగితాలు, హ్యాంగర్లకి సగం కుట్టిన జాకెట్లు, గోడవారగా పెద్ద బల్ల. ఆయన గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, బయటికి పోకుండా మొత్తం చెప్పాడు. ఆవిడ కుట్టుమిషన్ మీంచి చెయ్యి తియ్యకుండా విన్నది.

"ఇందులో మా అన్నయ్య పేరొస్తుందా?"

"వస్తుంది."

మిషన్ కాసేపు పరుగెత్తింది. ఆగింది.

"మీకు ఆ ఉద్యోగం ఇప్పించిందెవరు?"

"మీ అన్నయ్యే."

"మరి?"

"మరి అదే."

ఆవిడ దారం కొరికి తెంపింది. "ఇప్పుడు చెప్తే ఆ కుండలు తిరిగొస్తాయాండీ?"

"పోయినవి రావు. కానీ ఇంకో ఏడు మీటర్లుంది. దాన్నీ తవ్వడానికొస్తారు. ఎవరో నాలాంటివాడే వస్తాడు."

ఆవిడ కుడుతున్న జాకెట్ మడిచి పక్కన పెట్టింది. తర్వాత, "చెప్పాలనుకుంటే చెప్పండి. కానీ ముందు అన్నయ్యకి చెప్పి తర్వాత వాళ్ళకి చెప్పండి. చాటుగా మాత్రం వద్దు" అంది.

బావ రెండు వీధుల అవతల ఉండేవాడు. రిటైరయ్యి నాలుగేళ్ళు. ఒక మోకాలికి ఆపరేషనైంది, రెండోదానికి కావలసి ఉంది. కాలక్షేపానికి వీధిలోవాళ్ళ ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తుంటాడు. బొంగరం వెళ్ళేసరికి వరండాలో ఒక ఫ్యాన్ మోటారు విప్పుకుని కూర్చున్నాడు.

"బావా, బైపాస్ దగ్గర ఆ దిబ్బ గుర్తుందా?"

"ఏ దిబ్బ? నా సర్వీసులో వెయ్యి దిబ్బలు."

"కుండలొచ్చిన దిబ్బ."

బావ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. "గుర్తులేదు."

"నేను దిగి నిన్ను పిలిచాను. నువ్వొచ్చి కాలితో..."

"గుర్తులేదన్నానా?" మరలన్నీ ఒక్కొక్కటే ఏరి మూతలో వేసుకున్నాడు. "ఎందుకిప్పుడు?"

"మేడమ్‌తో చెప్దామనుకుంటున్నా."

"చెప్పు. ఏమని చెప్తావు? బండి మీద కూర్చున్నది నువ్వయ్యా, నేను కాదు."

"అదీ చెప్తాను."

బావ మొహం ఎర్రబడింది. "పెట్టిన చెయ్యి గుర్తులేదు గానీ కాలు గుర్తుందా? వెళ్ళు. మా చెల్లెలి మొహం చూసి ఊరుకుంటున్నాను, వెళ్ళు." లోపలికి వెళ్దామని లేవబోయాడు. మోకాలు సహకరించక మళ్ళీ కూలబడ్డాడు. బొంగరం చెయ్యందించబోతే విదిలించి కొట్టాడు.

మర్నాడు పొద్దున బొంగరం మేడమ్ దగ్గరికొచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడి, ఊపిరాడకుండా అంతా చెప్పేశాడు. చెప్పి తలొంచుకున్నాడు. మేడమ్ పుస్తకం తీసింది.

"ఎంత లోతులో కనిపించాయి? రోడ్డుకి ఏ పక్క?"

"తిట్టండి మేడమ్ ముందు."

"తిడితే ఎక్కడున్నాయో గుర్తొస్తుందా? కూర్చోండి, గీయండి."

ఆయనకి గీత రాదు. ఆయన చెప్తుంటే నేను గీశాను. దిబ్బ ఇటు, వంతెన అటు, టిప్పర్లు నిలబడ్డ చోటు, నీళ్ళడ్రమ్ము పెట్టిన చోటు. చెప్తూ చెప్తూ లేచి నిలబడేవాడు, చేతులతో యంత్రాన్ని నడుపుతున్నట్టు గాల్లో తిప్పేవాడు. చేతులకి గుర్తున్నంత నోటికి గుర్తులేదు ఆయనకి.

ఆ ముక్కలో రోడ్డు పని మొదలవడానికి ఇంక నాలుగు రోజులే ఉంది. ఆ ముక్క కోసం మేడమ్ రోడ్డు ఇంజనీరుకి ఫోన్ చేస్తే, అతను పటంలో లేని పనికి తనని అడగొద్దన్నాడు. "పటం తప్పు" అంది ఆవిడ. "అయితే నాలుగు రోజులు. ఐదోరోజు నా బళ్ళు దిగుతాయి" అని పెట్టేశాడు.

మొదటిరోజు బొంగరం చూపించిన చోట కందకం తీశాం. కంకర, ఒక పగిలిన పైపు, ప్లాస్టిక్ సంచులు. రెండోరోజు ఇరవై మీటర్లు జరిగి ఇంకోటి తీశాం. మళ్ళీ కంకర. లారీలు పోయినప్పుడల్లా కందకం అంచులు రాలుతున్నాయి. కళ్ళనిండా దుమ్ము. బొంగరం కేబిన్లోంచి దిగుతాడు, చూస్తాడు, ఎక్కుతాడు. "ఇక్కడే మేడమ్. ఇక్కడే అనిపించింది."  మధ్యాహ్నానికి మా వాళ్ళలో ఒకరిద్దరు చేతులెత్తేసి నీడకి చేరారు. నాకూ అనుమానం వచ్చింది. మనిషి జ్ఞాపకం కదా, పదహారేళ్ళలో ఎన్ని మీటర్లు జరిగిందో.

అప్పుడు రోడ్డు అవతల ఒక స్కూటరు ఆగింది. వెనక సీట్లోంచి ఒక లావుపాటి మనిషి కర్ర ఊతంతో దిగి, రెండువైపులా లారీల్ని చేత్తో ఆపుకుంటూ, మోకాలు ఈడ్చుకుంటూ ఇటొచ్చాడు. బావ. మమ్మల్నెవర్నీ చూడకుండా కందకంలోకి చూశాడు.

"ఇక్కడ తవ్వుతున్నావేంటయ్యా?"

"ఇక్కడే కదా బావా. ఆ కల్వర్టు నుంచి..."

"ఆ కల్వర్టు మూడేళ్ళ కింద కట్టింది! నీకు మొదటినుంచీ దూరాలు తెలీవు. మట్టి తియ్యమంటే తీస్తావు, ఎక్కడినుంచి తీశావంటే ఆకాశంలోకి చూస్తావు." కర్రెత్తి చూపించాడు. "పాత కల్వర్టు అదిగో, ఆ తుప్పల్లో. అక్కడినుంచి నూట ఎనభై అడుగులు. నా సెక్షన్ అది, నీది కాదు."

మేడమ్ టేపు పట్టుకుని నడిచింది. మేము వెనక నడిచాం. నూట ఎనభై అడుగుల దగ్గర గూటం పాతాం. బొంగరం బండి తెచ్చి, బకెట్ నేలకి ఆనించి, గీకడం మొదలుపెట్టాడు. రెండు వేళ్ళు. రెండు వేళ్ళు. గంట కాకముందే మట్టి ఎర్రబడింది. మేడమ్ చెయ్యెత్తేలోపే యంత్రం ఆగి ఉంది.

ఆ మిగిలిన పగలూ, మర్నాడూ తాపీలతో, బ్రష్‌లతో మేమే చేశాం. నాలుగు జాడీలు బయటపడ్డాయి. కంచె వైపువి రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, మూతిమీద రాతిపలక మూత, చుట్టూ బంకమట్టి మెత్తి. ఒకదాంట్లో బొగ్గైపోయిన గింజలు పిడికెడు అడుగున మిగిలి ఉన్నాయి. రోడ్డువైపు రెండూ సగాలే. పైనుంచి కిందికి కత్తితో కోసినట్టున్నాయి. ఆ కోతకి పక్కనే గట్టి మట్టిగోడ మీద నిలువుగా గాట్లు కనిపించాయి. యంత్రపు బకెట్ పళ్ళ గాట్లు. పైన పోసిన మట్టి వాటిని అలాగే దాచిపెట్టింది.

బొంగరం కందకంలోకి దిగి ఆ గాట్ల మీద చెయ్యి పెట్టాడు. ఒకటి, రెండు అని వేలితో తడుముతూ పోయి, మధ్యలో ఒకచోట ఆగాడు. అక్కడ గాటు లేదు.

"మూడో పన్ను లేదు" అన్నాడు. "అప్పటి నా బండికి మూడో పన్ను విరిగిపోయింది. వేయించమని అడిగి అడిగి ఊరుకున్నాను. ఇది నేనే."

 లారీలు పోతూనే ఉన్నాయి. మేడమే అడిగింది, మెల్లగా. "ఆ రోజు ఎన్ని చూసుంటారు?"

"లెక్కపెట్టలేదు మేడమ్. ముప్పై దాటి ఉంటాయేమో."

"నలభై ఒకటి."

అందరం తలెత్తి చూశాం. కందకం గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న బావ అన్నాడు ఆ మాట. మా ఎవరి మొహాలూ చూడ్డం లేదు. కర్రతో మట్టి మీద గీతలు గీస్తున్నాడు.

"గుర్తులేదన్నావుగా బావా" అన్నాడు బొంగరం.

"నువ్వు కేబిన్ ఎక్కడానికి వెళ్ళావు. ఆలోపు లెక్కపెట్టాను. నలభై ఒకటి. పైవాళ్ళకి ఫోన్ చేద్దామని ఆఫీసు గది దాకా వెళ్ళాను కూడా. పని ఆగితే సెక్షన్ వేరేవాడికిస్తామని వారం ముందే చెప్పి ఉన్నారు. వెనక్కొచ్చేశాను. వచ్చేసరికి నువ్వు మొదలుపెట్టేశావు." గీసిన గీతల్ని కర్రతో చెరిపేశాడు. "మొదలుపెట్టకపోయినా మళ్ళీ కానియ్యనే అనుండేవాణ్ణి. అదీ నిజమే."

బొంగరం కందకంలోంచి ఎక్కొచ్చి బావ కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆయన అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే.  కాసేపటికి బావే, "లేచి పని చూడు, చీకటి పడుతుంది" అని గదిమాడు.

ఐదోరోజు పొద్దున ఇంజనీరు అన్నమాట ప్రకారం బళ్ళు తీసుకొచ్చేశాడు. మాకింకా జాడీల చుట్టూ మట్టి తియ్యడమే పూర్తికాలేదు. మేడమ్ ఎంత చెప్పినా వినడే. "నాకు పైనుంచి ఒత్తిడి, అర్థం చేసుకోండి" అంటాడు. బావ తన కుర్చీని సరిగ్గా మొదటి బండి ముందు వేయించుకుని కూర్చున్నాడు.

"లేవండి పెద్దాయనా, బండి రావాలి."

"మోకాలు బాబూ. కూర్చుంటే లేవదు."

"మా వాళ్ళు ఎత్తుతారు."

"ఎత్తితే విరుగుతుంది. డాక్టరు చెప్పాడు. కావాలంటే ఫోన్ చేసిస్తాను, మాట్లాడు."

ఇంజనీరు వాచీ చూసుకున్నాడు, బావని చూశాడు, మావాళ్ళు ఫొటోలు తీస్తుండడం చూశాడు. రెండురోజులిచ్చి బళ్ళు తిప్పుకుపోయాడు. అతను మలుపు తిరిగిన నిమిషంలో బావ కర్ర కూడా లేకుండా లేచి టీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు.

జాడీలు నాలుగూ చెక్కపెట్టెల్లో చేరాయి. మాకు మిగిలింది రాతపని. పోయినవాటి గురించి ఇద్దరూ వాంగ్మూలం రాసివ్వాలంది మేడమ్. అచ్చుకాగితంలో ఒక గడి ఉంది: ఇన్నాళ్ళూ ఎందుకు తెలియజేయలేదు. బొంగరం అక్కడ "అప్పుడు తెలియలేదు" అని రాశాడు. కాగితం ఇవ్వబోయి, వెనక్కి లాక్కుని, గదిలో రెండు చుట్లు తిరిగి, ఆ మాటలు కొట్టేశాడు.

"ఎందుకు కొట్టేశారు?" అన్నాన్నేను.

"ఏమీ తెలియకపోతే ఆ రోజు బండెందుకాపాను?" అన్నాడు. కింద ఇలా రాశాడు: "ఆపాను. మళ్ళీ నడిపాను." అంతకంటే ఒక్క అక్షరం రాయలేదు. మేడమ్ కూడా అడగలేదు.

పటంలో పోయిన జాడీల చోట్లు చూపించాలి. అందుకోసం ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. కుట్టుబల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సుద్దతో రోడ్డు గీసి, బావా ఆయనా ఇద్దరూ బొత్తాల డబ్బా ముందేసుకుని కూర్చున్నారు. ఒక్కో జాడీకి ఒక్కో బొత్తాం. ఒకరు పెడితే ఇంకొకరు జరుపుతారు.

"ఇది ఇటు. నేను బకెట్ ఇక్కడే కదా మొదట దించాను."

"నువ్వు దించింది ఆ చివర. నీ వెనక నిలబడ్డది నేను."

"వెనక నిలబడితే ముందున్నది ఎలా కనపడింది బావా?"

"నా ఎత్తు నీకంటే అరచెయ్యి ఎక్కువ, అలా కనపడింది."

వాళ్ళావిడ మిషన్ ఆపి, "ఆ పెద్ద బొత్తాలు కోటువి, గిరాకీవాళ్ళవి. చిన్నవి పెట్టుకోండి" అంది. తర్వాత తనే వచ్చి బల్ల పక్కన నిలబడింది. వాళ్ళిద్దరూ నెలరోజులుగా ఒకే గదిలో కూర్చోలేదు. ఆవిడ కింద పడిన ఒక బొత్తాం ఏరి వాళ్ళ చేతికిచ్చి, మళ్ళీ వెళ్ళి కుట్టుకోసాగింది.

సాయంత్రానికి ముప్పై మూడింటి దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది. మిగతా ఎనిమిదీ డబ్బాలోనే ఉండిపోయాయి. ఊహించి పెట్టనా అంటే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. నేను ముప్పై మూడు గుండ్రాలు చుక్కలగీతతో గీశాను, దొరికిన నాలుగూ గట్టిగీతతో. కింద మేడమ్ స్వయంగా రాసింది: "మరో ఎనిమిది ఉండేవి. స్థానం తెలియదు."

ఎవరికీ శిక్ష పడలేదు. బైపాస్ వేసిన పాత కంపెనీ ఎప్పుడో మూతపడింది. సంజాయిషీ అడుగుతూ బావకి ఒక ఉత్తరం వచ్చింది. అతను నాలుగు పేజీలు రాసి పంపాడు. దానికి జవాబు రాలేదు. అందుకు కూడా అతనికి కోపమే. రోడ్డు అనుకున్నదానికి తొమ్మిది రోజులు ఆలస్యంగా తెరిచారు. జాడీలున్న చోట ఇప్పుడు మూడో లేన్ ఉంది. దాని మీద మేము కూడా ఎన్నోసార్లు వెళ్ళాం.

బొంగరం రోడ్డు కంపెనీ వదిలేసి మాతో వచ్చేశాడు. మాతో అంటే ఒక ఊరు కాదు, ఒక ఇల్లు కాదు. నాలుగు నెలలు ఇక్కడ అద్దెగది, ఆర్నెల్లు ఇంకోచోట. వాళ్ళావిడ మొదట్లో సణిగినా, తర్వాత చేతిమిషనొకటి కొనుక్కుని తనూ వచ్చేది. ఆ పనితో ఆయనకి మనశ్శాంతి దొరికిందని చెప్తే అబద్ధమవుతుంది. పాత రోడ్డు ఏది కనపడినా, "ఇది వేసినవాడు ఎవడో, ఏం చూశాడో" అంటాడు. బస్సులో కిటికీ పక్క సీటు ఇవ్వకూడదు ఆయనకి. దారిపొడుగునా కోసిన గట్లన్నీ చూస్తూ, మెడ తిప్పుతూ, పక్కవాళ్ళని కూడా కూర్చోనివ్వడు.

పోయిన నెల కొత్త సైట్లో పని చేస్తున్నప్పుడు ఆయన ఫోన్ మోగింది. యంత్రం ఆపి, చెవి దగ్గర పెట్టుకుని, కాసేపు విన్నాడు. తర్వాత నన్ను పిలిచి స్పీకర్ పెట్టాడు. బావ గొంతు.

"ఇంకోచోటుంది. పైవంతెన దాటాక, ఎడమపక్క. అది నువ్వు తవ్వింది కాదు, వేరే ఆపరేటరు. రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. నేనే కానియ్యన్నాను. రాసుకునేవాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ?"

"ఉన్నారు బావా, చెప్పు."

నేను పెన్సిలు తీశాను.